పదమూడు జతలు

మే నెల మొదటి సోమవారం
ఓ కుంటి కుర్రాడు మూట తెచ్చి గుమ్మంలో పడేశాడు.
"క్లబ్బు వాళ్ళవి. జతకి పది సెంట్లు."
పదమూడు జతలు. అన్నీ ఉన్నివే.
తడిస్తే ఒక్కోటి దూడంత బరువు,
ఆరడానికి రెండు రోజులు,
ఆరేలోగా గని మసి దిగి మళ్ళీ ఉతకమనేది.

బేస్‌బాల్ అంటే ఏమిటో నాకు తెలీదు.
వాళ్ళ ఆట మధ్యాహ్నం, నా కాగు మధ్యాహ్నం.
చెక్క కంచె అవతల ఊరు ఊరంతా ఒక్క గొంతై అరిస్తే
సబ్బు నురగలో నా చేతులు ఓ క్షణం ఆగేవి.
ఎవరు గెలిచారని ఎవర్నీ అడగలేదు.

మెడపట్టీల్లో నల్లదారంతో పేర్లు కుట్టి ఉండేవి.
నాకు వచ్చింది స్లోవాక్, అదీ నోటితోనే.
అందుకని మరకల్ని బట్టి నేనే పేర్లు పెట్టుకున్నాను.
పసరు మోకాలు.
పొగాకు బొజ్జ.
ఒకడు ఎర్రతుంటి, ప్రతివారం ఒకే చోట చిరుగు,
వాడికి జారడం తప్ప పరుగు రాదేమో అనుకునేదాన్ని.
కర్పూరం భుజం. బంతి విసిరేవాడట.

ఇంకొకడు, శుభ్రం బాబు.
మోకాళ్ళకి మట్టి ఉండేది, నిజమే.
కానీ మైదానం మన్ను ఎరుపు,
వాడిది మా వీధి మురుగు నలుపు.
ఆడించకపోతే, పాపం,
దార్లో వంగి తనే పూసుకునేవాడు.
నేనూ ఎవరికీ చెప్పలేదు,
మిగతావాటితో పాటే గట్టిగా రుద్దేదాన్ని.

జులైలో కర్పూరం భుజం దాటింది.
మోచేతికి దిగింది, మణికట్టుకి దిగింది,
చొక్కా విప్పితే ముసలమ్మ మంచం వాసన.
ఆ చెయ్యి అయిపోయిందని
మేనేజరు కంటే మూడు వారాల ముందు
ఈ తొట్టి దగ్గర నాకు తెలుసు.
ఆగస్టులో పన్నెండే వచ్చాయి.
ఆ పై వారం మళ్ళీ పదమూడు:
కొత్తది, సన్నది, ఎండుగడ్డి వాసనేస్తూ,
జేబులో ఎవరో తల్లి పెట్టిన ఎండు ఆపిల్ ముక్క.

బీరు కంపెనీ దొర డబ్బులు ఆపేశాడు.
ఒక వారం, రెండు, మూడు.
"వచ్చే సోమవారం" అనేవాడు కుంటి కుర్రాడు, నేలచూపులు చూస్తూ.

సెప్టెంబరు సెలవు సోమవారం మూట రాలేదు.
కొంగు దోపుకోవడానికి నాకు కొంగు లేదు గాని
అంత కోపంగానే వెళ్ళాను మైదానానికి.
లోపలికి పోనిచ్చేసరికి ఆట చివరికొచ్చింది.
ఎవరు ఎటువైపో, ఎందుకు పరిగెడతారో
ఏమీ అర్థం కాలేదు. ఒక్కటి తప్ప:
ఎడమ మోచేతికి పిండిసంచి గుడ్డ మాసిక,
అది నేనేసిందే.
శుభ్రం బాబు!
పరుగెత్తాడు, పడ్డాడు, బారెడు జారాడు.
ఎర్రదుమ్ము లేచి వాణ్ణి మింగింది.
జనమంతా లేచారు, నేనూ లేచాను,
"అయ్యో, ఆ మోకాలు! అది ఇక వదలదు!" అని
నా భాషలో నేను అరిచాను.
అవుటన్నారు. తిట్టారు. టోపీలు విసిరారు.
వాడు మాత్రం దులుపుకోకుండా
నడిచి వెళ్ళాడు.

ఆ మరక నా చేతికి రాలేదు.
మర్నాటికి క్లబ్బు లేదు, దొర లేడు,
మూడు డాలర్ల తొంభై సెంట్లు లేవు.

చలి ముదిరాక ఊరివాళ్ళు కంచె పీకడం మొదలెట్టారు.
నేనూ మా ష్టెఫాన్ వెళ్ళాం గొడ్డలితో.
లెక్క ప్రకారమే తెచ్చుకున్నాం,
పలక పది సెంట్లనుకుని, ముప్ఫైతొమ్మిది.
ఒకదాని మీద ఏదో ప్రకటనలోది
మనిషంత పెద్ద అక్షరం, పసుపు రంగుది.
ఏ అక్షరమో వాడు చెప్పాడు, మర్చిపోయాను.
బాగా మండింది.
ఆ రాత్రి కాగు నీళ్ళు తొందరగా మరిగాయి.